వ్యవసాయ కుటుంబాలలో పసిపిల్లల మానసిక క్షేమం: పనుల కాలంలో దైనందిన పెంపకం – విస్తరణకు సూచనలు

సారాంశం

వరి నాట్లు, కలుపు తీత, పత్తి తీత, మిరప కోత వంటి పనులు ప్రధానంగా స్త్రీల శ్రమపై ఆధారపడి ఉన్నాయి. ఈ పనులు ముమ్మరంగా సాగే వారాలలో ఆరేళ్ళలోపు పిల్లలు, అందునా మూడేళ్ళలోపు వారు, పగటి వేళలో ఎక్కువ భాగం తల్లికి దూరంగా గడుపుతారు. ఆ కాలంలో పిల్లల మానసిక క్షేమాన్ని కాపాడడానికి అదనపు సమయం కావాలని చెప్పడం ఆచరణకు అందని సలహా అవుతుంది. ఎంత రద్దీ రోజైనా ప్రతి ఇంట్లోనూ తప్పక వచ్చే మూడు సందర్భాలు ఉన్నాయి. అవి పనికి బయలుదేరడం, తిరిగి రావడం, నిద్రపుచ్చడం. ఈ మూడింటిని సక్రమంగా నిర్వహించుకొనడమే వ్యవసాయ కుటుంబాలకు సాధ్యమైన, ఫలవంతమైన మార్గమని ఈ వ్యాసం వివరిస్తుంది. విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు ఈ అంశాన్ని పంటల క్యాలెండరుతో ముడిపెట్టి ఎట్లా అందించవచ్చునో సూచిస్తుంది.

కీలక పదాలు: పసిపిల్లల మానసిక క్షేమం, అనుబంధం, ప్రతిస్పందనతో కూడిన సంరక్షణ, స్త్రీల వ్యవసాయ శ్రమ, పంటల క్యాలెండరు, విస్తరణ

ఉపోద్ఘాతం

పిల్లల పెంపకం గృహవిజ్ఞానానికి చెందిన విషయమనీ, పంటల సాగు సస్యవిజ్ఞానానికి చెందినదనీ విశ్వవిద్యాలయాలలో మనం విభజించుకొన్నాము. గ్రామంలోని ఇంట్లో ఈ విభజన కనిపించదు. నారు ఎన్నవ రోజున పీకాలో మనం సిఫారసు చేస్తాము. ఆ సిఫారసు ప్రకారం నాటు వేసే స్త్రీ తన బిడ్డను ఆ రోజు ఎవరి వద్ద వదిలి వెళ్ళిందో మన క్షేత్ర పుస్తకంలో నమోదు కాదు. వరి నారును రకాన్ని బట్టి 21 నుంచి 30 రోజుల వయస్సులో నాటవలసి ఉంటుంది. ముదురు నారు నాటితే పిలకలు తగ్గుతాయి. అందుచేత ఆ ప్రాంతంలోని పొలాలన్నింటికీ ఒకే పక్షంలో కూలీల అవసరం కలుగుతుంది. మిరపలో పండిన కాయ కోయడం ఆలస్యమైతే రంగు, నాణ్యత దెబ్బతింటాయి. పగిలిన పత్తి కాయను చెట్టుమీదే వదిలితే దూది మంచుకు, వానకు తడిసి ధర పడిపోతుంది. ఈ గడువులన్నీ పంటకు సంబంధించినవే అయినా, వాటి భారంలో కొంత పసిపిల్లలపై పడుతున్నది.

పోషకాహారం, టీకాల విషయంలో గ్రామీణ కుటుంబాలకు సమాచారం చేరుతున్నది. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ప్రారంభమైన నాటి నుంచి ఈ దిశలో గణనీయమైన కృషి జరిగింది. కాని బిడ్డ మనస్సు గురించి, అంటే భయం, బెంగ, కోపం, ఓదార్పు, భరోసా గురించి మాట్లాడే వేదికలు తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్, ప్రపంచ బ్యాంకు తదితర సంస్థలు 2018లో ప్రకటించిన శిశు సంరక్షణ ప్రణాళికలో ఐదు అంగాలు ఉన్నాయి. అవి ఆరోగ్యం, పోషణ, ప్రతిస్పందనతో కూడిన సంరక్షణ, భద్రత, తొలి అభ్యసనం. వీటిలో మూడవదానిని మన గ్రామాలలో ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి అన్నవే ఈ వ్యాసంలోని చర్చనీయాంశాలు.

శాస్త్రీయ నేపథ్యం

శిశువు తనను పెంచే ఒకరిద్దరు పెద్దలతో ఏర్పరచుకొనే గాఢమైన బంధాన్ని మనోవిజ్ఞానంలో అనుబంధం అంటారు. ఈ సిద్ధాంతానికి బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ రూపకల్పన చేయగా, మేరీ ఐన్స్‌వర్త్ దానికి క్షేత్ర పరిశీలనల బలాన్ని చేకూర్చారు. ఆమె తొలి పరిశీలన ప్రయోగశాలలో జరగలేదు. 1954–55లో ఉగాండా దేశంలోని కంపాలా పరిసర గ్రామాలలో, తోటపని చేసుకొనే తల్లుల ఇళ్ళలో జరిగింది. 26 కుటుంబాలకు చెందిన 28 మంది శిశువులను ఆమె పలుమార్లు ఇంటికి వెళ్ళి గమనించారు. తన బిడ్డ ఎప్పుడు ఆకలిగొంటుందో, దేనికి భయపడుతుందో, ఎట్లా ఊరుకొంటుందో సూక్ష్మంగా చెప్పగలిగిన తల్లుల పిల్లలలో భరోసా అధికంగా కనిపించింది. బిడ్డ ఇచ్చే సంకేతాన్ని గుర్తించి, దానికి తగినట్లు స్పందించడమే ఈ భరోసాకు మూలమని ఆ పరిశీలన సూచించింది. 1967లో ఆమె దీనిని గ్రంథరూపంలో ప్రచురించారు.

ఎనిమిది, తొమ్మిది నెలల వయస్సు నుంచి శిశువు తల్లి కనుమరుగైతే ఏడవడం మొదలుపెడుతుంది. ఏడాది, ఏడాదిన్నర వయస్సులో ఈ ఎడబాటు బెంగ తీవ్రంగా ఉంటుంది. ఇది మొండితనం కాదు, గారాబం వల్ల వచ్చిన లోపమూ కాదు. తనకు ఆసరా ఎవరో బిడ్డకు తెలిసిందనడానికి అది నిదర్శనం. రెండు, మూడేళ్ళ వయస్సులో కోపం, పేచీ ఎక్కువగా కనిపిస్తాయి. కోరిక బలంగా ఉండి, దానిని చెప్పే మాటలు, అదుపు చేసుకొనే శక్తి ఇంకా చాలకపోవడమే దీనికి కారణం. ఈ వయస్సులో బిడ్డ తనంతట తాను శాంతించలేదు. శాంతంగా ఉన్న పెద్దల ఆసరాతో శాంతించడాన్ని పదేపదే అనుభవించి, క్రమంగా ఆ నేర్పును సొంతం చేసుకొంటుంది.

అమెరికా మనోవైజ్ఞానికుడు ఎడ్వర్డ్ ట్రోనిక్ 1970 దశకంలో చేసిన ప్రయోగం ఇక్కడ ప్రస్తావనార్హం. బిడ్డతో నవ్వుతూ ఆడుతున్న తల్లిని కొద్ది నిమిషాలపాటు ఏ భావమూ లేని ముఖంతో బిడ్డవైపు చూస్తూ ఉండమన్నారు. శిశువు మొదట నవ్వి, చేతులు చాచి తల్లిని పలకరించడానికి ప్రయత్నించింది. ఫలితం లేకపోగా ముఖం తిప్పుకొని కలత చెందింది. తల్లి తిరిగి పలకరించగానే కొంతసేపటికి తేరుకొన్నది. తల్లి ఎదురుగా ఉండడం మాత్రమే చాలదని, స్పందన కావాలని ఈ ప్రయోగం తెలిపింది. ట్రోనిక్ తదుపరి పరిశీలనలు మరొక ఊరటనిచ్చే సంగతిని వెల్లడించాయి. మామూలు తల్లీబిడ్డల మధ్య కూడా పొసగని క్షణాలు ఎన్నో ఉంటాయి. తెగిన తీగను మళ్ళీ కలుపుకొనడమే ఆరోగ్యకరమైన బంధానికి గుర్తు.

సస్యవిజ్ఞాన విద్యార్థులకు పంటల కీలక దశలు సుపరిచితం. వరిలో అంకురం ఏర్పడే దశ నుంచి పూత దశ వరకు నీటి ఎద్దడి కలిగితే ఆ నష్టాన్ని తరువాత పెట్టే తడులు పూర్తిగా పూడ్చలేవు. జీవితపు తొలి సంవత్సరాలు కూడా అటువంటి కీలక దశే. మెదడు వికాసంలో 85 శాతానికి పైగా ఆరేళ్ళలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానం పేర్కొన్నది. అయితే పంటతో పోలిక ఇంతవరకే వర్తిస్తుంది. బిడ్డ విషయంలో నిన్నటి లోటును నేటి ఆదరణ చాలావరకు పూడ్చగలదు. తల్లులకు ఈ సంగతి చెప్పకుండా మొదటి సంగతి మాత్రమే చెబితే వారిలో అపరాధభావం పెరగడం తప్ప ప్రయోజనం ఉండదు.

చిన్నపాటి కార్యక్రమాలు దీర్ఘకాలిక ఫలితాలు ఇవ్వగలవనడానికి జమైకా అనుభవం సాక్ష్యం. సాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ బృందం 1986–87లో కింగ్‌స్టన్ నగరంలోని పేద కుటుంబాలలో, వయస్సుకు తగిన ఎత్తు లేని 9 నుంచి 24 నెలల పిల్లలు 129 మందిని అధ్యయనానికి తీసుకొన్నది. కొందరికి అదనపు పోషకాహారం, కొందరికి వారానికి ఒక గంట ఇంటివద్ద ఆటపాటల శిక్షణ, కొందరికి రెండూ అందించారు. మరికొందరికి ఇవేవీ ఇవ్వలేదు. శిక్షణ ఇచ్చినవారు వైద్యులు కారు, స్థానిక ఆరోగ్య కార్యకర్తలు. ఆట వస్తువులు ఇంట్లో దొరికే సామగ్రితో చేసినవి. ఈ కార్యక్రమం రెండేళ్ళు సాగింది. ఆటపాటల శిక్షణ పొందిన పిల్లలలో 17, 18 ఏళ్ళ వయస్సు నాటికి ఆందోళన, కుంగుబాటు తక్కువగా ఉన్నట్లు తేలింది. 20 ఏళ్ళ తరువాత వారి సంపాదన శిక్షణ పొందనివారి కంటే సుమారు 25 శాతం అధికంగా ఉన్నది. వారానికి ఒక ఇంటి సందర్శన అన్నది విస్తరణ వ్యవస్థకు కొత్త విషయం కాదు.

పనుల కాలంలో పిల్లల దినచర్య

వానాకాలం నాట్ల సమయంలో నాటు ముఠాలు ఉదయం ఆరు, ఏడు గంటలకే ట్రాలీ ఆటోలలో బయలుదేరతాయి. అంగన్‌వాడీ కేంద్రం సాధారణంగా 9 గంటల ప్రాంతంలో గాని తెరవరు. ఈ రెండు మూడు గంటల వ్యవధిలో బిడ్డ అవ్వ వద్దనో, ఎనిమిది, పదేళ్ళ అక్క వద్దనో, ఇరుగుపొరుగు వద్దనో ఉంటుంది. పైగా అంగన్‌వాడీలో పూర్వ ప్రాథమిక విద్య మూడేళ్ళు నిండిన వారికే. ఎడబాటు బెంగ అత్యధికంగా ఉండే ఏడాది, రెండేళ్ళ పిల్లలకు పగటి సంరక్షణ సౌకర్యం చాలా గ్రామాలలో లేదు. కేంద్ర ప్రభుత్వ పాల్నా పథకం కింద అంగన్‌వాడీలలో శిశు సంరక్షణ కేంద్రాలు నడిపే అవకాశం కల్పించినప్పటికీ, వ్యవసాయ కూలీల పనివేళలకు అనుగుణంగా అవి విస్తరించవలసిన అవసరం ఉన్నది.

పాలు తాగే బిడ్డను తల్లి పొలానికే తీసుకొని వెళ్ళడం మరొక పరిస్థితి. గట్టుమీద వేపచెట్టుకో, తుమ్మచెట్టుకో చీరతో ఊయల కట్టి, కొంచెం పెద్దపిల్లను కాపలా ఉంచుతారు. బిడ్డ తల్లికి దగ్గరగా ఉంటుంది. కాని ఎండ, పాము, తేలు, నీటి గుంతలు, పురుగుమందు డబ్బాలు మొదలైన ప్రమాదాలు పొంచి ఉంటాయి. కాపలా ఉన్న పిల్లకు బడి పోతుంది. గ్రామీణ ఉపాధి హామీకి చెందిన 2005 చట్టంలో, పనిస్థలానికి ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు లేక అంతకు మించి వచ్చినప్పుడు వారిని చూసుకొనడానికి ఒక స్త్రీని నియమించాలని పొందుపరిచారు. ప్రైవేటు పొలాలలో నాట్లకు, కోతలకు అటువంటి ఏర్పాటు లేదు.

వలస కుటుంబాల పరిస్థితి మరింత క్లిష్టమైనది. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల నుంచి మిరప కోతలకు గుంటూరు, పల్నాడు ప్రాంతాలకు కుటుంబాలు తరలివెళ్ళడం ఏటా జరుగుతున్నది. పిల్లలను వెంట తీసుకొని వెళితే ఇల్లు, అవ్వ, తోటిపిల్లలు, అంగన్‌వాడీ అన్నీ ఒక్కసారిగా దూరమవుతాయి. అవ్వ వద్ద వదిలి వెళితే తల్లిదండ్రులిద్దరూ వారాల తరబడి కనిపించరు.

ఈ పరిస్థితులను వర్ణించడంలో ఉద్దేశం తల్లులను తప్పుపట్టడం కాదు. కూలి మానుకొంటే ఇల్లు గడవని స్త్రీకి బిడ్డతో ఎక్కువ సమయం గడపండి అని చెప్పడం నీటి వసతి లేని రైతుకు మరొక తడి పెట్టమని చెప్పడం వంటిది. ఉన్న తడినే ఏ దశలో పెట్టాలో చెప్పడం శాస్త్రవేత్త పని. ఆ దృష్టితోనే ఈ కింది మూడు సందర్భాలను సూచిస్తున్నాము.

రోజులో మూడు కీలక సందర్భాలు

1. పనికి బయలుదేరడం

బిడ్డ ఏడుస్తుందని తెలిసి, ఆటలో పెట్టి దొడ్డిదారిన వెళ్ళిపోవడం మన ఇళ్ళలో సర్వసాధారణం. ఆ క్షణానికి ఏడుపు తప్పుతుంది. కాని తల్లి ఏ నిమిషంలోనైనా మాయం కావచ్చునని బిడ్డ నేర్చుకొంటుంది. మరునాటి నుంచి కొంగు వదలదు, రాత్రి ఉలిక్కిపడి లేస్తుంది. చెప్పి వెళితే కొంతసేపు ఏడ్చినా, చెప్పిన ప్రకారం తిరిగి రావడం కొన్నాళ్ళు చూసిన తరువాత నమ్మకం ఏర్పడుతుంది.

చెప్పే పద్ధతి సరళంగా ఉండాలి. బిడ్డ ఎత్తుకు వంగి, కళ్ళలోకి చూస్తూ, ఎక్కడికి వెళుతున్నదీ, ఎప్పుడు వస్తున్నదీ, అంతవరకు ఎవరి వద్ద ఉండాలో చెప్పాలి. పసిపిల్లలకు గంటల లెక్క తెలియదు. అందుకే తెలిసిన ఆనవాలుతో చెప్పాలి. "అమ్మ నాట్లకెళ్తోంది నాన్నా. సాయంత్రం గేదెలు ఇంటికొచ్చే వేళకి నేనూ వచ్చేస్తా. అందాకా నాయనమ్మ దగ్గరుండు" అని కోస్తాలో ఒక తల్లి చెప్పవచ్చు. "నాటుకు పోతున్న బిడ్డా, పొద్దుగూకేసరికి వస్త. అవ్వతోని ఉండు" అని తెలంగాణలో మరొక తల్లి చెప్పవచ్చు. ఈ వీడ్కోలు రోజూ ఒకే తీరున, ఒకే మాటలతో, నిమిషంలోపు ముగియాలి. ఏడుపు చూసి పదిసార్లు వెనుకకు రావడం బిడ్డను మరింత కలతపెడుతుంది. తల్లి పాత చీర ముక్కనో, తువ్వాలునో బిడ్డ దగ్గర ఉంచడం కొందరికి ఊరటనిస్తుంది.

2. తిరిగి రావడం

సాయంత్రం ఇంటికి చేరిన స్త్రీకి నడుము నొప్పి, బురద బట్టలు, పొయ్యి, నీళ్ళు, పశువుల పని ఒక్కసారిగా ఎదురవుతాయి. బిడ్డ సరిగ్గా ఆ వేళకే పేచీ పెడుతుంది. పగలంతా అవ్వ వద్ద బుద్ధిగా ఉన్నది, తల్లిని చూడగానే ఎందుకు ఏడుస్తున్నదని ఇంట్లోవారు విసుక్కొంటారు. పగలంతా అణచుకొన్న బెంగను తనకు భరోసా ఉన్న మనిషి ముందే బిడ్డ బయటపెడుతుందన్న సంగతి తెలిస్తే ఆ ఏడుపు వేరుగా వినిపిస్తుంది.

కాళ్ళు చేతులు కడుగుకొన్న తరువాత, పొయ్యి వెలిగించకముందు, పది నిమిషాలు బిడ్డకు ఇవ్వాలని సూచించవచ్చు. పురుగుమందు కొట్టిన చేలో పని చేసి వచ్చినవారు స్నానం చేసి బట్టలు మార్చుకొన్న తరువాతనే బిడ్డను తాకాలి. ఆ పది నిమిషాలలో ప్రత్యేకమైన ఆట అవసరం లేదు. ఒడిలో కూర్చోబెట్టుకొని, బిడ్డ చూపించినది చూడడం, చెప్పినది తిరిగి చెప్పడం, బెంగను మాటల్లో పెట్టడం చాలు. "అమ్మ కోసం చూశావా? బెంగ పెట్టుకున్నావా?" అన్న ప్రశ్నతో బిడ్డకు తన లోపలి బాధకు ఒక పేరు దొరుకుతుంది. పేరు దొరికిన బాధను క్రమంగా మాటలతో చెప్పుకొనడం నేర్చుకొంటుంది. ఆ తరువాత వంటపని సాగుతుండగా బిడ్డను పక్కనే కూర్చోబెట్టి, చిక్కుడుకాయలు వేరు చేయడం, ఉల్లిపాయలు అందించడం వంటి చిన్న పనులు అప్పగించవచ్చు. పని ఆగదు, పలకరింపూ ఆగదు.

3. నిద్రపుచ్చడం

పగటి సంఘటనలు ఎట్లా ఉన్నా రాత్రి ముగింపు ఒకే క్రమంలో ఉండడం బిడ్డకు స్థిమితాన్నిస్తుంది. అన్నం, ముఖం కడగడం, పక్క, ఒక పాటో కథో, ఆపై నిద్ర. లాలిపాటలు, చందమామ కథలు, కాళ్ళాగజ్జె ఆట మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్నవే. స్పర్శ, లయ, పునరుక్తి కలిసిన ఈ అలవాట్లు బిడ్డను శాంతింపజేస్తాయి. ఇప్పుడు వాటి స్థానంలో చేతికి ఫోను ఇస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల ప్రకారం రెండేళ్ళలోపు పిల్లలకు తెర చూడడం తగదు. రెండు నుంచి నాలుగేళ్ళ వారికి రోజుకు గంటకు మించరాదు. అదే మార్గదర్శకాలు పగటి నిద్రతో కలిపి ఒకటి, రెండేళ్ళ పిల్లలకు 11 నుంచి 14 గంటలు, మూడు, నాలుగేళ్ళ వారికి 10 నుంచి 13 గంటలు నిద్ర అవసరమని తెలుపుతున్నాయి. నిద్ర చాలని బిడ్డ మరునాడు ఎక్కువ పేచీ పెడుతుంది. పగలు కోపంలో కొట్టడమో, కసరడమో జరిగి ఉంటే, ఆ తెగిన తీగను కలుపుకొనడానికి ఇదే తగిన వేళ. "పొద్దున అమ్మకు కోపం వచ్చింది, గట్టిగా అరిచింది. నువ్వంటే అమ్మకు ఇష్టమే" అన్న మాటతో పెద్దరికం తగ్గదు.

పునరాలోచించవలసిన వాడుకలు

కొన్ని మాటలు హాస్యంగానో, అలవాటుగానో వాడుకలో ఉన్నాయి. "నిన్ను తవుడుకు కొన్నాం" అని ఏడిపించడం దాదాపు ప్రతి ఊళ్ళోనూ వినవస్తుంది. పెద్దపిల్లలకు అది వేళాకోళమని తెలుస్తుంది. మూడు, నాలుగేళ్ళ బిడ్డ దానిని నిజమని నమ్ముతుంది. తమ్ముడో చెల్లెలో పుట్టిన ఇంట్లో "ఇంక నీ పని అయిపోయింది" అనడం, తల్లి కూలికి వెళ్ళిన వేళ "మీ అమ్మ ఇక రాదు" అనడం అటువంటివే. అన్నం తినకపోతే బూచాడు పట్టుకుపోతాడనీ, సూది మందు వేయిస్తామనీ బెదిరించడం వల్ల ముద్ద దిగుతుంది గాని, చీకటన్నా ఆసుపత్రి అన్నా భయం మిగులుతుంది. ఏడ్చే మగపిల్లవాణ్ణి "ఆడపిల్లలా ఏడుస్తావా" అని వారించడం బాధ చెప్పుకొనే దారిని మూసివేస్తుంది.

వీటిని మానమని చెప్పడంతో పాటు వాటి స్థానంలో ఏమనాలో చెప్పడం ముఖ్యం. బెదిరింపుకు బదులు "పాలబువ్వ ముందా, పప్పుబువ్వ ముందా?" అని రెండింటిలో ఒకటి ఎంచుకొమ్మనడం, పేచీ పెట్టినప్పుడు కోపాన్ని ఒప్పుకొని కొట్టడాన్ని మాత్రం ఆపడం, అంటే "కోపం వచ్చిందా? సరే. తమ్ముణ్ణి మాత్రం కొట్టకూడదు" అనడం వంటి ప్రత్యామ్నాయాలు తల్లులకు వెంటనే అందివస్తాయి.

ఇంట్లోని ఇతరుల పాత్ర

తల్లి లేని గంటలలో బిడ్డకు ఒక స్థిరమైన మనిషి కావాలి. రోజుకొకరి వద్ద వదలడం కంటే అవ్వ అయినా, పిన్ని అయినా ఒకరే చూసుకొనడం మేలు. నాట్లు మొదలయ్యే రోజునే బిడ్డను కొత్త మనిషికి అప్పగించకుండా, వారం ముందు నుంచి రోజుకు కొద్దిసేపు చొప్పున అలవాటు చేయాలి. మడిలో నాటే ముందు నారును గట్టిపరచినట్లే ఇది కూడా ముందస్తు జాగ్రత్త.

అక్కల విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. ఎనిమిదేళ్ళ పిల్ల తమ్ముణ్ణి కొంతసేపు ఆడించడం కుటుంబ జీవనంలో సహజం. పూర్తి బాధ్యత ఆమెదే అయితే ఆమె చదువు, ఆమె బాల్యం రెండూ నష్టపోతాయి. ఆ పిల్ల కూడా ఓదార్పు కోరే వయస్సులోనే ఉన్నదని ఇంట్లోవారు గుర్తించాలి.

తండ్రి పాత్ర విస్తరణ సందేశాలలో దాదాపు కనిపించదు. మన శిక్షణలకు హాజరయ్యేవారిలో అధికులు పురుషులే గనుక ఈ లోటును సులభంగా సరిదిద్దవచ్చు. నాట్ల పక్షంలో ఉదయం బిడ్డకు నీళ్ళు పోయడం, సాయంత్రం తల్లి స్నానం చేసేవరకు బిడ్డను ఎత్తుకొనడం వంటి ఒకటి రెండు పనులను తండ్రి తన పనులుగా స్వీకరించాలని చెప్పాలి. అప్పు గురించి, పంట నష్టం గురించి బిడ్డ ఎదుట కేకలు వేసుకొనడం, తాగి వచ్చి గొడవ చేయడం పసివారిని ఎంతగా భయపెడుతుందో పురుషుల సమావేశాలలోనే మాట్లాడవలసి ఉన్నది. మాటలు రాని బిడ్డకు విషయం అర్థం కాకపోవచ్చు, గొంతులోని భయం మాత్రం అర్థమవుతుంది.

విస్తరణ కార్యక్రమాలలో పొందుపరచే విధానం

సందేశానికి అదను: నాట్లు ముమ్మరంగా సాగే వారంలో తల్లుల సమావేశం పెట్టడం నిష్ప్రయోజనం. నారుమడి పోసిన రోజు నుంచి నారు పీకే రోజు వరకు మూడు, నాలుగు వారాల వ్యవధి ఉంటుంది. నారుమడి యాజమాన్యంపై సమావేశం జరిగే రోజులలోనే, రానున్న నాట్ల కాలంలో పిల్లల సంరక్షణ ఏర్పాటు గురించి పది నిమిషాలు కేటాయించవచ్చు. పత్తి ప్రాంతాలలో మొదటి తీతకు ముందు, మిరప ప్రాంతాలలో వలసలు మొదలయ్యే ముందు ఇదే పద్ధతి వర్తిస్తుంది.

వేదిక, వ్యక్తి: స్వయం సహాయక సంఘాల సమావేశాలు, రైతు వేదికలు, అంగన్‌వాడీ కేంద్రాలు ఇందుకు అనువైనవి. కృషి విజ్ఞాన కేంద్రాలలోని గృహవిజ్ఞాన శాస్త్రవేత్త, సస్యవిజ్ఞాన శాస్త్రవేత్త కలిసి ఒకే సమావేశంలో మాట్లాడడం వాంఛనీయం. ముఠా మేస్త్రి స్త్రీలను ఇందులో భాగస్వాములను చేయాలి. ముఠాలోని పదిమంది పిల్లలను ఒకరు చూసుకొని, ఆమె కూలిని మిగిలినవారు పంచుకొనే ఏర్పాటును, లేదా రైతే భరించే ఏర్పాటును గ్రామస్థాయిలో చర్చకు పెట్టవచ్చు.

అడిగే పద్ధతి: సలహాతో కాక ప్రశ్నతో మొదలుపెట్టాలి. "మీ పాప దేనికి భయపడుతుంది? ఎట్లా ఊరుకుంటుంది? మీరు వచ్చేసరికి ఏం చేస్తుంటుంది?" అన్న మూడు ప్రశ్నలు తల్లి దృష్టిని బిడ్డ సంకేతాలవైపు మళ్ళిస్తాయి. సమాధానం చెప్పే క్రమంలోనే ఆమెకు ఎంతో తెలిసివుందన్న సంగతి బయటపడుతుంది. ఆ తెలిసినదానినే బలపరచాలి.

సాంకేతికత మదింపు: డ్రమ్ సీడరు, వెద పద్ధతి, యంత్రాలతో నాట్లు మొదలైనవాటిని మనం దిగుబడి, ఖర్చు, నికరాదాయం ప్రాతిపదికన మదింపు చేస్తాము. వాటివల్ల స్త్రీల పని గంటలలో కలిగిన మార్పును, ఆ గంటలు ఎటు వెళ్ళాయన్నదానిని కూడా నమోదు చేయాలి. సొంత పొలంలో పనిచేసే స్త్రీకి ఆదా అయిన సమయం బిడ్డకు దక్కవచ్చు. కూలి స్త్రీకి అదే మార్పు ఆదాయ నష్టంగా పరిణమించి, మరింత దూరపు పనికి వెళ్ళవలసిన పరిస్థితి కలిగించవచ్చు. ఒకే సాంకేతికత రెండు ఇళ్ళలోని ఇద్దరు పిల్లలపై రెండు భిన్నమైన ప్రభావాలు చూపుతుందన్న ఎరుక సిఫారసు చేసేవారికి ఉండాలి.

విద్యార్థులకు అభ్యాసం: గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో విద్యార్థులు స్త్రీ, పురుషుల దినచర్య పటాలను తయారుచేస్తారు. వాటి పక్కనే మూడవ పటంగా ఆ ఇంటి పసిబిడ్డ దినచర్యను గీయాలి. బిడ్డ ఏ గంటలో ఎవరి వద్ద ఉన్నది, ఎవరు పలకరించారు, ఎప్పుడు ఏడ్చింది, ఎవరు ఊరుకోబెట్టారు అన్నవి నమోదు చేయాలి. పనులు లేని వారంలో ఒకటి, నాట్ల వారంలో ఒకటి గీసి పోల్చితే ఈ వ్యాసంలోని విషయమంతా ఒక కాగితం మీద కనిపిస్తుంది. కుటుంబం అనుమతితో, పేర్లు రాయకుండా ఈ పరిశీలన చేయాలి.

నిపుణుల సహాయం ఎప్పుడు?

ప్రతి పేచీ సమస్య కాదు. కాని కొన్ని లక్షణాలను ఉపేక్షించరాదు. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడం, కళ్ళలోకి చూడకపోవడం, వచ్చిన మాటలు పోవడం, వారాల తరబడి ఆటపై ఆసక్తి లేకపోవడం, తిండి, నిద్ర బాగా తగ్గిపోవడం, ఒక వ్యక్తిని చూస్తే విపరీతంగా భయపడడం కనిపిస్తే ఆరోగ్య కార్యకర్తకు తెలియజేయాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలకు పరీక్షలు, తదుపరి చికిత్స లభిస్తాయి. బిడ్డపై హింస జరుగుతున్నదన్న అనుమానం ఉంటే 1098 నంబరుకు తెలపాలి. తల్లి తానే కుంగిపోయి, బిడ్డను పలకరించే శక్తి కూడా కోల్పోయిన సందర్భాలలో బిడ్డ కంటే ముందు ఆమెకు సహాయం అందాలి. టెలిమానస్ సేవకు 14416 నంబరు ద్వారా ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు.

ముగింపు

పసిపిల్లల మానసిక క్షేమం ఖరీదైన ఆటబొమ్మలతోనో, తీరిక గల తల్లులకు మాత్రమే సాధ్యమయ్యే పద్ధతులతోనో ముడిపడి లేదు. చెప్పి వెళ్ళడం, వచ్చి పలకరించడం, శాంతంగా నిద్రపుచ్చడం కూలి ఇంట్లోనూ, రైతు ఇంట్లోనూ సాధ్యమే. అయితే ఈ బాధ్యతను కుటుంబంపైనే, అందులోనూ తల్లిపైనే మోపి ఊరుకోవడం న్యాయం కాదు. తండ్రి భాగస్వామ్యం, గ్రామంలో పగటి సంరక్షణ ఏర్పాటు, స్త్రీల శ్రమను లెక్కలోకి తీసుకొన్న సాగు సిఫారసులు దీనికి తోడు కావాలి. రానున్న వానాకాలం ప్రణాళికలు తయారుచేసే సమయంలో ప్రతి కృషి విజ్ఞాన కేంద్రం తన పరిధిలో కనీసం ఒక గ్రామాన్ని ఎంచుకొని, నారుమడి దశలోనే పిల్లల సంరక్షణపై ఒక సమావేశం, నాట్ల వారంలో ఒక పరిశీలన చేపట్టగలిగితే, ఈ విషయంపై మన ప్రాంతానికి చెందిన ప్రాథమిక సమాచారం సమకూరుతుంది. తరువాతి పరిశోధనకు అదే పునాది కాగలదు.